ఎలక్ట్రిక్ సైకిల్ కనెక్టర్లకు వరంగల్‌లో దిక్కేది?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో ఎలక్ట్రిక్ బండ్ల గురించి తరచూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఒక్క చార్జింగ్‌కు ఎన్ని కిలోమీటర్లు పోతుంది, ధర ఎంత, సబ్సిడీ ఉందా లేదా, ఇవే. నేను రాసేది అంత పెద్ద సంగతి కాదు, అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఒక ప్లాస్టిక్ ముక్క గురించి. బ్యాటరీ నుంచి వచ్చే వైర్లను కంట్రోలర్‌కు, అంటే మోటారుకు కరెంట్ ఎంత పోవాలో చూసే డబ్బాకు, కలిపే కనెక్టర్, మన ఆటో ఎలక్ట్రీషియన్లు కప్లర్ అంటారు. అది కాలిపోతే వేలకు వేలు పోసి కొన్న సైకిల్ ఇంట్లో మూలకు నిలబడాల్సిందే, ఎందుకంటే వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ తిరిగినా దానికి సరైన జోడీ దొరకదు.

నాది 36 వోల్టులు, 250 వాట్ల సైకిల్. కాజీపేట నుంచి హన్మకొండకు దాని మీదే డ్యూటీకి పోతాను. లైసెన్స్, రిజిస్ట్రేషన్ గొడవ లేదు, మోటారు పావు కిలోవాట్ లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అది మోటారు బండి లెక్కలోకే రాదు. బాగానే ఉంది. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు మధ్యమధ్యలో మోటారు ఆగి మళ్లీ అందుకోవడం మొదలైంది. బ్యాటరీ కింద ఉన్న పసుపు రంగు కనెక్టర్ విప్పి చూస్తే ఒక పిన్ను బంగారు రంగులో మెరుస్తోంది, రెండోది గోధుమ రంగుకు తిరిగింది, దాని చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి ఒక వైపుకు జారి గడ్డకట్టింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన. కొన్న షోరూంకు తీసుకుపోతే అక్కడి అబ్బాయి, "గా మోడల్ ఇప్పుడు వస్తలేదు సార్, కంట్రోలర్‌తోని మొత్తం వైరింగ్ సెట్టే మార్చుకోవాలె" అన్నాడు. వంద రూపాయల లోపు ముక్క కోసం వేల రూపాయల సామాను! బయట మెకానిక్ దగ్గరకు పోతే ఆయన ఇంకా సులువు దారి చూపించాడు. "కోసేసి, రెండు వైర్లు మెలిపెట్టి టేప్ చుడ్త అన్నా, జిందగీల పోదు." ఆయనను తప్పు పట్టను. ఆయన దగ్గర ఉన్నవి స్కూటర్లకు, ఆటోలకు వాడే కప్లర్లు, ఇది ఆ జాతి కాదు.

అసలు ఆ పిన్ను ఎందుకు కాలుతుందో పాఠకులకు చెప్పాలి, ఎందుకంటే చాలామంది బ్యాటరీ పోయిందనుకుని బ్యాటరీ మార్చేస్తున్నారు. 250 వాట్లను 36 వోల్టులతో భాగిస్తే ఏడు ఆంపియర్లు, ఇది చదును రోడ్డు మీద. బ్రిడ్జి ఎక్కేటప్పుడు, వెనక మనిషి కూర్చున్నప్పుడు కంట్రోలర్ 14, 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. కనెక్టర్ బిగువుగా ఉంటే రెండు పిన్నులు కలిసే చోట నిరోధం ఒక మిల్లీ ఓమ్‌కు అటూ ఇటూ, అప్పుడు అక్కడ పుట్టే వేడి పావు వాట్ కూడా ఉండదు. అదే పిన్ను లూజై, దుమ్ము పట్టి, నిరోధం 20 మిల్లీ ఓమ్‌లు అయిందనుకోండి, 15 గుణించు 15 గుణించు 0.02, నాలుగున్నర వాట్లు. అదంతా శనగగింజంత జాగాలో, గాలి తగలని ప్లాస్టిక్ లోపల. వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది, వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. మెలిపెట్టి టేప్ చుట్టిన అతుకు కూడా ఇదే దారిన పోతుంది, పైగా ఎండాకాలంలో టేప్ జిగురు కరిగి ఊడుతుంది.

సరే, కొత్తది కొనుక్కుందాం అంటే, ఏది కొనాలి? ఇక్కడే అసలు కిరికిరి. ఒక్క సైకిల్‌లోనే నాలుగైదు రకాల కనెక్టర్లు ఉంటాయి, దేని మీదా పేరు సరిగా కనపడదు, కంపెనీ ఇచ్చిన పుస్తకంలో "హ్యాండిల్ పట్టుకుని నడపవలెను" లాంటి మాటలు తప్ప ఒక్క బొమ్మ ఉండదు. నాకు తెలిసినంత వరకు రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

బ్యాటరీ దగ్గర ఎక్కువగా ఉండేది ఎక్స్‌టీ60. పసుపు రంగు, లోపల మూడున్నర మిల్లీమీటర్ల గుండ్రటి పిన్నులు రెండు, ఒక చివర మూలలు చెక్కినట్టు ఉంటాయి కాబట్టి తలకిందులుగా దూరదు, ప్లస్ మైనస్ గుర్తులు ప్లాస్టిక్ మీదే అచ్చు వేసి ఉంటాయి. అమాస్ అనే చైనా కంపెనీది ఇది, మొదట రిమోట్ కార్లు, డ్రోన్లు ఆడించేవాళ్లు వాడేవారు. దీని తమ్ముడు ఎక్స్‌టీ30, పిన్ను రెండు మిల్లీమీటర్లే, అన్న ఎక్స్‌టీ90, పిన్ను నాలుగున్నర. ఫొటోలో చూస్తే మూడూ ఒక్కటే అనిపిస్తాయి, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి మోసపోయేది ఇక్కడే, స్కేలు పెట్టి కొలిచి కొనాలి. పేరులో ఉన్న అంకె ఆంపియర్లు, కానీ మన ఎండల్లో, మూసేసిన డబ్బాలో ఆ మొత్తం భారం గంటలకొద్దీ వేయమని కాదు, సగం దగ్గర ఆగితే మంచిది. మన సైకిల్ లాగే 15 ఆంపియర్లకు ఎక్స్‌టీ60 హాయిగా సరిపోతుంది. నకిలీలు బాగా తిరుగుతున్నాయి, ఒక చిన్న అయస్కాంతం దగ్గర పెట్టుకోండి, పిన్నుకు అంటుకుంటే లోపల ఉన్నది ఇనుము, పైన పూత మాత్రమే, దుకాణదారుకు అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి.

బ్యాటరీ తగిలించేటప్పుడు టప్‌మని నిప్పురవ్వ వస్తే చాలామంది భయపడి ఎక్కడో షార్ట్ ఉందనుకుంటారు. ప్రతిసారీ షార్ట్ కాదు. కంట్రోలర్ లోపల కరెంట్‌ను కాసేపు నిల్వ పెట్టుకునే కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం వల్ల వచ్చే రవ్వ అది. కానీ ప్రతిసారీ పిన్ను కొసను కొద్దికొద్దిగా కొరికేస్తుంది, మాటిమాటికీ విప్పి పెట్టేవాళ్లకు ఎక్స్‌టీ90-ఎస్ అనే రకం ఉంది, లోపల కరెంట్‌ను తగ్గించే చిన్న రెసిస్టర్ పెట్టి ఉంటుంది, మొదట దాని గుండా కరెంట్ పోయి తర్వాత పూర్తిగా కలుస్తుంది. రవ్వ రాదు.

మోటారు దగ్గర కథ వేరు. లావు వైర్లు మూడు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఇవి మోటారును తిప్పేవి. సన్న వైర్లు ఐదు, చక్రం ఎక్కడ ఉందో కంట్రోలర్‌కు చెప్పే హాల్ సెన్సర్లవి, ఇందులో ఎరుపు, నలుపు సెన్సర్లకు కరెంటిచ్చేవి, మిగతా మూడు సమాచారం మోసుకొచ్చేవి. పాత కిట్లలో లావు వైర్లకు బుల్లెట్ పిన్నులు, సన్న వైర్లకు తెల్లదో నల్లదో చిన్న కప్లర్ విడివిడిగా ఉంటాయి. కొత్త సైకిళ్లలో ఈ ఎనిమిదీ, స్పీడ్ చెప్పే ఇంకో వైరూ కలిపి తొమ్మిది పిన్నుల గుండ్రటి వాటర్‌ప్రూఫ్ కనెక్టర్ వస్తుంది. హీగో, జూలెట్ అని రెండు బ్రాండ్ల పేర్లు వినపడతాయి. బ్రేకుకు, యాక్సిలరేటర్‌కు, డిస్‌ప్లేకు ఇదే కుటుంబంలో చిన్నవి ఉంటాయి, చాలా సైకిళ్లలో బ్రేకుది ఎరుపు, యాక్సిలరేటర్‌ది పసుపు, డిస్‌ప్లేది ఆకుపచ్చ, కానీ అన్ని కంపెనీలూ ఈ రంగులు పాటించవు, కాబట్టి రంగు చూసి కొనవద్దు. పిన్నులు ఎన్ని, అవి ఏ వరసలో ఉన్నాయి, మేలా (పిన్ను బయటికి ఉన్నదా) ఫిమేలా (పిన్ను దూరే రంధ్రం ఉన్నదా), బయటి గుండ్రం ఎన్ని మిల్లీమీటర్లు, ఈ నాలుగూ కలవాలి. వాటి మీద బాణం గుర్తు ఉంటుంది, బాణానికి బాణం ఎదురుగా పెట్టి నేరుగా నొక్కాలి. తిప్పుతూ నొక్కితే లోపలి వెంట్రుకంత పిన్ను వంగుతుంది, వంగిందంటే ఇక ఆ కేబుల్ చెత్తబుట్టకే, ఎందుకంటే ఈ రకానికి పిన్నులు విడిగా మార్చడం కుదరదు, ప్లాస్టిక్‌తో కలిపి పోతపోసి ఉంటాయి. ఇలాంటప్పుడు చిట్కా ఒకటి ఉంది, అదే కనెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, మధ్యలో కోసి, మనకు కావలసిన సగాన్ని మన వైర్లకు అతుక్కోవడం. రెండో సగం దాచుకోండి, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

ఇంకో మాట, మోటారు ఒక కంపెనీది, కంట్రోలర్ ఇంకో కంపెనీది అయినప్పుడు రంగుకు రంగు కలిపినా చక్రం వణుకుతూ నిలబడవచ్చు, లేదా వెనక్కి తిరగవచ్చు. అప్పుడు సెన్సర్ వైర్లను అలాగే ఉంచి లావు వైర్ల వరస మార్చి మార్చి చూడాలి, చక్రం గాల్లో ఉంచి, యాక్సిలరేటర్ కొంచెమే తిప్పి. దీనికి ఓపిక కావాలి తప్ప పెద్ద చదువు అక్కర్లేదు.

సన్న వైర్ల కప్లర్‌ను అందరూ జేఎస్‌టీ అంటారు. జేఎస్‌టీ అనేది ఒక జపాన్ కంపెనీ, ఆ కంపెనీ చేసే రకాలు చెప్పలేనన్ని. "జేఎస్‌టీ మూడు పిన్నులది ఇవ్వు" అంటే దుకాణంలో ఏదో ఒకటి చేతిలో పెడతారు, ఇంటికొచ్చాక దూరదు. సైకిళ్లలో ఎక్కువగా వచ్చేది ఎస్‌ఎం రకం, పిన్నుకు పిన్నుకు మధ్య రెండున్నర మిల్లీమీటర్లు, పక్కన చిన్న కొక్కెం ఉంటుంది. ఇది మన ఊళ్లోనే దొరికే కొద్దివాటిలో ఒకటి, పెళ్లిళ్ల డెకరేషన్‌కు రంగులు మారే ఎల్‌ఈడీ లైట్లు అమ్మేవాళ్లను అడగండి, ఆ స్ట్రిప్పులకు ఉండేది ఇదే. అలాగే కొన్ని సైకిళ్ల చార్జర్‌కు మైకు వైరుకు ఉండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ జాక్ ఉంటుంది, అది సౌండ్ సిస్టం సామాను అమ్మే దుకాణంలో దొరుకుతుంది. సైకిల్ షోరూంలో లేని సైకిల్ పార్ట్ మైకుసెట్ దుకాణంలో దొరకడం మన ఖర్మ.

చార్జర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఈ ఉత్తరంలో మిగతాది కత్తిరించినా ఈ పేరా మాత్రం దయచేసి ఉంచండి. చార్జర్ జాక్ దూరింది కదా అని చార్జర్ సరిపోయినట్టు కాదు. 36 వోల్టుల లిథియం బ్యాటరీ నిండితే 42 వోల్టులు, 48 వోల్టులదైతే 54.6 వోల్టులు, రెండు చార్జర్లకూ ఒకే రకం జాక్ రావచ్చు. పక్కింటివాళ్ల చార్జర్ అరువు తెచ్చుకునే ముందు దాని వెనక స్టిక్కర్ మీద అవుట్‌పుట్ ఎంతో చదవండి. గుండ్రటి డీసీ జాకుల్లో కూడా బయటి గుండ్రం ఐదున్నర మిల్లీమీటర్లే, లోపలి రంధ్రం మాత్రం 2.1, 2.5 అని రెండు రకాలు, పెద్ద రంధ్రం జాక్ చిన్న పిన్ను మీద వదులుగా కూర్చుని తగిలీ తగలనట్టు ఉంటుంది, రాత్రంతా పెట్టినా బ్యాటరీ నిండదు, జాక్ మాత్రం వేడెక్కుతుంది. వీటన్నిటికంటే ప్రమాదం ఇంకోటి ఉంది. కొన్ని తక్కువ ధర స్కూటర్లకు, కొన్ని సైకిళ్లకు చార్జింగ్ సాకెట్‌గా కంప్యూటర్ సీపీయూ వెనక పెట్టే మూడు పిన్నుల సాకెట్టే బిగిస్తున్నారు. అంటే ఇంట్లో కంప్యూటర్ కేబుల్ ఒక కొస గోడ బోర్డుకు, ఇంకో కొస నేరుగా బండికి పెట్టడానికి వీలుంది! 42 వోల్టుల దానికి 230 వోల్టుల ఇంటి కరెంట్. పెద్దవాళ్లకు తెలుస్తుంది అనుకుందాం, ఇంట్లో పిల్లవాడు సాయం చేద్దామని పెడితే? మీ బండికి అలాంటి సాకెట్ ఉంటే వెంటనే మార్పించండి, మార్చేవరకు చార్జింగ్ పని పిల్లలకు చెప్పకండి. ఇలాంటి సాకెట్ పెట్టి అమ్మడాన్నే అధికారులు ఆపాలి, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

ఇంట్లో సొంతంగా మార్చుకునే వాళ్లకు నాలుగు మాటలు. బ్యాటరీ వైపు వైర్లు రెండూ కలిపి కటింగ్ ప్లయర్‌తో ఒకేసారి కోయకండి, బ్యాటరీ ఆఫ్ చేసినా ఆ వైర్లలో కరెంట్ ఉండొచ్చు, ప్లయర్ బ్లేడే షార్ట్ చేస్తుంది, మంట లేచి చెయ్యి కాలుతుంది. ముందు ఎరుపు కోసి, దాని కొసకు టేప్ వేసి, తర్వాతే నలుపు ముట్టుకోవాలి. బ్యాటరీ వైపు ఎప్పుడూ ఫిమేల్ కనెక్టరే ఉండాలి, పిన్నులు బయటికి పొడుచుకొచ్చి ఉంటే తాళంచెవి తగిలినా చాలు. వైరు ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం అయినా మరీ తక్కువేం కాదు గానీ రెండున్నర తీసుకుంటే బెంగ ఉండదు, ఇళ్ల వైరింగ్‌కు వాడే గట్టి తీగ మాత్రం వద్దు, సన్న పోగులు ఎక్కువ ఉన్న మెత్తని వైరు అడగండి, సైకిల్ అదిరే వస్తువు కదా. సోల్డరింగ్ చేస్తే సోల్డర్ ఆగిన చోట వైరు పెళుసుగా అయి అక్కడే తెగుతుంది, అందుకే హీట్‌ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని వైరును పట్టుకునే ప్లాస్టిక్ గొట్టం) వేసి వైరును ఫ్రేముకు కట్టాలి. స్లీవ్‌ను సోల్డరింగ్‌కు ముందే వైరులోకి ఎక్కించుకోవాలి, తర్వాత ఎక్కదు. తిరిగి కలిపే ముందు మల్టీమీటర్‌తో ప్లస్ మైనస్ చూసుకోవాలి, వైరు రంగును నమ్మి కాదు. అసలు ఏదైనా విప్పే ముందే ఫోన్లో రెండు ఫొటోలు తీసి పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

వానాకాలం గురించి వేరే చెప్పాలా. హన్మకొండలో గట్టి వాన పడితే కాలనీలు చెరువులే. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నదాన్ని కూడా నమ్మకుండా, వైరు కనెక్టర్ కంటే కిందికి ఒక వంపు తిరిగి వచ్చేలా కట్టుకుంటే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, కనెక్టర్ లోపలికి పోవు. పిన్నుల మీద పచ్చగా తుప్పు కనపడితే అప్పుడే శుభ్రం చేయాలి.

ఇప్పుడు నేను అడిగేది. ఇన్ని రకాలు ఎందుకు? 2024 డిసెంబర్ 28 నుంచి యూరప్‌లో కొత్తగా అమ్మే ఫోన్లన్నిటికీ ఒకే రకం చార్జింగ్ పోర్ట్ ఉండాలని చట్టం పెడితే ప్రపంచమంతా ఫోన్ కంపెనీలు దారికొచ్చాయి. మన దగ్గర కూడా 2023లో వస్తువుల ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్ తేలికపాటి ఎలక్ట్రిక్ బండ్ల కోసం ఐఎస్ 17017 పార్ట్ 2 సెక్షన్ 6 అని ఒక చార్జింగ్ కనెక్టర్ ప్రమాణం తెచ్చింది, ఏసీ, డీసీ రెండూ ఒకే దానితో. మంచిదే. కానీ అది బండిని బయట చార్జ్ చేసుకునే దాని గురించి, సైకిల్ లోపల కాలిపోయే కప్లర్ గురించి కాదు. అన్నీ ఒక్కటి చేయమని నేను అడగడం లేదు, అది ఇప్పట్లో అయ్యే పని కాదు. కనీసం అమ్మే డబ్బాలో ఒక కాగితం పెట్టమనండి, ఏ చోట ఏ పేరున్న కనెక్టర్, ఎన్ని పిన్నులు, ఏ పిన్ను దేనిది, చార్జర్ ఎన్ని వోల్టులు. ఆ కాగితం ఉంటే మన మెకానిక్ కోయడు, వెతుకుతాడు. కాగితం లేకుండా అమ్మే సైకిల్‌ను కొనేవాళ్లే వద్దనాలి, రేంజ్ ఎంత అని అడిగినట్టే "కనెక్టర్లు విడిగా దొరుకుతాయా" అని అడగడం అలవాటు కావాలి.

రెండోది మన ఐటీఐల సంగతి. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసే పిల్లలకు ఈ సన్న కప్లర్లకు పిన్ను క్రింప్ చేయడం, అంటే పిన్నును వైరు మీద నొక్కి బిగించడం, చేతి పనిగా నేర్పిస్తే చాలా మేలు, దానికి వేరే ప్లయర్ ఉంటుంది, మామూలు ప్లయర్‌తో నొక్కితే పిన్ను చితుకుతుంది, వైరు మాత్రం పట్టుకోదు. ఎన్‌ఐటీలో ప్రాజెక్టులు చేసే పిల్లలకు ఇవి కొట్టిన పిండి, బయట రోడ్డు మీద షాపు పెట్టుకున్న మెకానిక్‌లను పిలిచి ఒక ఆదివారం చూపిస్తే ఎవరూ కాదనరు, నేను కూడా వచ్చి కూర్చుంటాను.

మూడోది మన ఎలక్ట్రానిక్స్ దుకాణాల వాళ్లకు. ప్రతి చిన్నదానికీ "కోఠి పోండి, గుజరాతీ గల్లీల దొరుకుతది" అంటారు. ఒక కప్లర్ కోసం వరంగల్ నుంచి రైలెక్కి హైదరాబాద్ పోయి రావడం ఎవరి తరం? ఎక్స్‌టీ60 జోడీలు, ఎస్‌ఎం కప్లర్లు, తొమ్మిది పిన్నుల ఎక్స్‌టెన్షన్ కేబుల్, రెండు సైజుల హీట్‌ష్రింక్, ఇంత సరుకు ఒక చిన్న డబ్బాలో పడుతుంది, పాడయ్యేది కాదు. మన దగ్గర ఇప్పటికే ఎవరైనా అసలైనవి తెచ్చి అమ్ముతుంటే ఆ దుకాణం ఎక్కడుందో మీ పేపర్‌కు రాయమని కోరుతున్నాను, మీరు అచ్చు వేయండి, మొదటి బేరం నాదే.

ఇట్లు
ఒక పాఠకుడు, కాజీపేట